చారచికఱ్ఱ విండ్లకు తగునా?

సంస్కృతమున ధన్వనమను పేరుగల చెట్టొకటి కలదు. ఆ పేరు చెవిని బడినంతనే ధన్వము, అనగా విల్లు, మనస్సునకు తట్టును. ఈ చెట్టునే హిందీవారు ధామిన్ అందురు. తెలుగువారు చారచి యనియు, తడ యనియు పిలుతురు. విశాఖపట్టణమునకు పడమటను ఉత్తరమునను వ్యాపించిన కొండల యడవులలో ఇది నేటికిని పెరుగుచున్నది. పేరునుబట్టియే తీర్పు చెప్పువారికి ఇక విచారణతో పనిలేదు: ధన్వనము విండ్లచెట్టు, అది మన కొండలలో నున్నది, కావున మన కొండవారి విండ్లన్నియు దానితోనే చేయబడినవి. ఈ మూడు మాటలలో నడిమిది మాత్రమే నిస్సందేహముగా సత్యము. మొదటిది పరీక్షింపవలసినది. మూడవది చాలవఱకు తప్పు.

మొదట పేరు సంగతి చూతము. ధన్వన్ శబ్దమునకు విల్లను నర్థముతోపాటు నీరులేని మెట్టనేల యను నర్థమును గలదు. మరుధన్వమనుచోట ఈ రెండవ యర్థమే కానవచ్చును. చారచి యెండుటడవులలో హాయిగా పెరుగు చెట్టు. దానికి విల్లునుబట్టి పేరు వచ్చినదో, మెట్టనేలనుబట్టి వచ్చినదో శబ్దము మాత్రము చూచి నిర్ణయింప వలనుపడదు. ధనుర్వృక్షమను మాట యింతకంటె చిక్కైనది. నిఘంటువులలో అది వెదురునకును, రావికిని, నల్లజీడికిని కూడ చెల్లుచున్నది. వెదురు సరియే, రావికఱ్ఱతో విల్లు చేసి యెక్కుపెట్టిన వీరుని గూర్చి మేము వినలేదు! కార్ముకశబ్దమును పాణిని ‘పనికి సమర్థమైనది’ యను నర్థముననే సాధించెను. కృముకమను చెట్టునుండి పుట్టినదని చెప్పువారును గలరు. ఒక్క మాటకే యిన్ని దారులుండగా, కోశమును చంకబెట్టుకొని అడవికి పోయి, ఇదిగో విల్లుచెట్టని చూపుట సాహసము. మన విద్యలో ఈ దోషము చిరకాలమునుండి యున్నది. వృక్షనామములు వందలు వల్లించిన విద్యార్థికి పెరటిలోని చెట్టు పేరు తెలియదు.

శాస్త్రగ్రంథములు కోశములకంటె మేలు. కౌటిల్యుని యర్థశాస్త్రము 1909వ సంవత్సరమున శామశాస్త్రిగారి పరిష్కరణముతో అచ్చుపడి లోకమునకు లభించిన పిదప, ప్రాచీనుల ఆయుధాగారమును గూర్చి మనకు కంటికి కట్టినట్లు తెలిసినది. అందు విండ్లకు నాలుగు ద్రవ్యములు చెప్పబడినవి: తాళము, చాపము, దారువు, శృంగము. అనగా తాటికఱ్ఱ, ఒక తెగ వెదురు, మ్రాను, కొమ్ము. చాపమనగా వెదురేయని యెట్లు తెలియుననగా, అడవి సరకులను వర్గములుగా విభజించిన ప్రకరణమున కౌటిల్యుడు చాపమును వేణువర్గములో చేర్చినాడు. మనకు ముఖ్యమైనది అదే ప్రకరణమున నున్నది. సారదారువులను, అనగా చేవగల మ్రాకులను లెక్కించుచు, టేకును, తినిశమును పేర్కొన్న వెంటనే మూడవదిగా ధన్వనమును పేర్కొన్నాడు. ధవమును, అనగా మన చిరుమానును, ఆ పట్టిక చివర వేఱుగా చెప్పినాడు. కాని ఆయుధాగారమున విండ్లను చెప్పునపుడు దారవమనుటతో సరిపెట్టెను. ఏ దారువో చెప్పలేదు. ధన్వనము గట్టికలప యని రాజ్యాధికారులెఱుగుదురు. అది విండ్లకే కేటాయింపబడిన కలప యనుటకు మాత్రము అక్కడ ఆధారము లేదు.

అగ్నిపురాణములోని ధనుర్వేదభాగము ఇంకొకయడుగు ముందుకు వేసినది. వింటికి తగిన మ్రాకులలో చందనము, వేతసము, సాలము, ధావనము, కకుభము అందు చెప్పబడినవి. కకుభము తెల్లమద్ది. ధావనమనగా నేమి? ధన్వనమునకు వ్రాయసకాని చేతిలో కలిగిన మార్పు కావచ్చును. ధవమునకు సంబంధించిన రూపము కావచ్చును. చారచియు చిరుమానును రెండును సాగుడుగల కలపలే గనుక కలపగుణమునుబట్టి పాఠనిర్ణయము చేయుటయు కష్టము. మాకు మొదటి పక్షమే యుక్తముగా దోచుచున్నది గాని, పందెము కాయము. ఇది యటుండనిండు. మ్రాకులనెల్ల చెప్పిన పిదప ఆ పురాణకర్త యేమనుచున్నాడు? అన్నిటికంటె శ్రేష్ఠమైన విల్లు శరత్కాలమున కోసిన వెదురుతో చేసినదట! వసిష్ఠుని పేర వాడుకలోనున్న ధనుర్వేదసంహితయు వెదురు కణుపుల లెక్క చెప్పుచున్నది: మూడు, అయిదు, ఏడు, తొమ్మిది కణుపులు మేలు, నాలుగు, ఆఱు, ఎనిమిది వర్జ్యములు. సరిబేసి సంఖ్యల శకునమును మనము త్రోసివేయవచ్చును. అతిజీర్ణమును అపక్వమును పనికిరావనుట మాత్రము పనివాని యనుభవము. లేతవెదురు వంగి వంగినట్లే యుండును, ముదిసినది విఱుగును.

పరదేశీయుల సాక్ష్యమును ఇట్లే యున్నది. పారసీకచక్రవర్తి క్షయార్షుడు క్రీ. పూ. 480లో గ్రీసుపై దండెత్తినపుడు ఆతని సేనలోనున్న హిందూదేశపు యోధులకు వెదురువిండ్లును, ఇనుపమొనలుగల వెదురుబాణములును ఉండెనని హెరొడోటసు వ్రాసెను. అలెగ్జాండరు నావికాధిపతి నియార్కసు చెప్పినదానిని ఆరియను గ్రంథస్థము చేసెను: మన కాల్బలము విండ్లు నిలువెత్తువి, ఒక కొనను నేల కానించి, ఎడమకాలితో త్రొక్కిపట్టి, మూడుమూరలకు కొంచెము తక్కువగానుండు బాణమును విడుచుదురట. నిలువెత్తు విల్లన్నచో నాలుగు మూరల ధనుస్సను మన శాస్త్రప్రమాణముతో సరిపోవుచున్నది.

కొమ్మును, నరములను సరేసుతో అతికి చేయు పొట్టివిల్లు వేఱొక జాతిది. తెలుగున దానికి సింగిణి యని పేరు. శృంగశబ్దభవమని వేఱే చెప్పనక్కఱలేదు. గుఱ్ఱముమీదినుండి వేయుటకు దానికి సాటిలేదు. 15వ శతాబ్దమున విజయనగరప్రభువైన రెండవ దేవరాయలు బహమనీలచేతిలో ఓటమికి కారణమేమని విచారింపగా, వారి గుఱ్ఱములును వారి విలుకాండ్రును మేలైనవని మంత్రులు చెప్పిరనియు, అంతట రాయలు ముసల్మాను విలుకాండ్రను కొలువులో జేర్చుకొని, వారిచే తనవారికి విలువిద్య నేర్పించెననియు ఫెరిష్తా వ్రాసినాడు. ఎదిరివాని విద్యను నేర్చుటకు సిగ్గుపడని రాజు ప్రశంసార్హుడు. అయినను సరేసుతో అతికిన విల్లునకు చెమ్మ శత్రువు. బంగాళాఖాతపుగాలి వీచు మన సీమలో, ముసురుపట్టిన కొండలలో, అట్టి విల్లును కాపాడుట రాజుల ఆయుధశాలకు సాధ్యమేమో గాని కొండగుడిసెకు సాధ్యము కాదు.

కొండవారి విల్లు వెదురువిల్లు. సవరలు, కోయలు, కొండరెడ్లు, కొండదొరలు, బగతలు, గదబలు మున్నగు జాతులకు నిలయమైన యీ తూర్పుకనుమలలో చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చినదన్న మగవారందఱు వేటకు వెడలుట ఆచారము. రిక్తహస్తములతో తిరిగివచ్చినవానిపై స్త్రీలు పేడ చల్లి పరిహసింతురని 1909లో ప్రకటితమైన థర్‌స్టన్‌గారి గ్రంథమువలన తెలియుచున్నది. అట్టి వేటకు కావలసిన విల్లును గృహస్థు తానే చేసికొనవలెను. వెదురు నాలుగేండ్లకు పక్వమగును. ఒక కత్తియుండిన చాలును, నిలువున చీలును. నఱికిన పొదనుండియే మరల మొలక లేచును. అన్నిటికంటె గొప్పవిషయము: వెదురులో పీచు వెలుపలి చర్మమునొద్దనే దట్టముగానుండును. విల్లు వంగునపుడు అత్యంతము సాగవలసినది ఆ వెలుపలి భాగమే. బ్రహ్మ వింటికొఱకే దానిని నిర్మించెనా యనిపించును! భిల్లులు మొదలగువారు అల్లెత్రాటికిని వెదురు పైచర్మపు బద్దనే వాడుదురు. కొండవారు చారచిని విడిచి వెదురును పట్టుట అజ్ఞానముచేత కాదు. వారి లెక్క వారికి తెలియును.

అట్లైన చారచి సంగతి యేమి? డెన్మార్కు పండితుడు మార్టిన్ వాల్ 1790లో దీనికి గ్రేవియా టిలియీఫోలియా యని శాస్త్రీయనామ మిడెను. టిలియా యను యూరపు వృక్షపు ఆకులవంటి ఆకులు గలదని యర్థము. ఇది ఫాల్సాపండ్ల చెట్టునకు దాయాది. లోపలిపట్టనుండి త్రాళ్లకు తగిన నార వచ్చును. కలపలో వెలుపలిభాగము తెల్లనిది, విశాలమైనది. నడిమి చేవ గోధుమవన్నెగలది, కొంచెమే. ఆరిన కలప ఘనపుటడుగునకు 45 నుండి 50 పౌండ్లవఱకు తూగును. బండినొగలకును, పడవతెడ్లకును, కావళ్లకును, పనిముట్ల పిడులకును చిరకాలమునుండి వాడుకలోనున్నది. గాంబిల్‌దొర మొదలగు అటవీశాస్త్రజ్ఞులు దీని సాగుడును కొనియాడిరి. విండ్లకును వాడుదురని పుస్తకములలో కలదు.

విల్లునకు కావలసినది గట్టితనము కాదు. ఈ యొక్క మాట తెలియక చాలమంది పొరపడుదురు. గట్టికలపలు మన యడవులలో కొల్లలు. ఇనుమువలె గట్టివై, వంచిన పుటుక్కున విఱుగునవి వింటికి నిష్ప్రయోజనములు. విల్లును లాగినపుడు గుఱివైపునకు నుండు వీపు సాగును. విలుకానివైపునకు నుండు కడుపు నొక్కుకొనును. వీపు తెగకుండ సాగవలెను. కడుపు నలగకుండ నొక్కుడు నోర్చుకొనవలెను. విడిచినంతనే రెండును పూర్వస్థితికి రావలెను. రాక కొంతవంపు నిలిచిపోయినచో, ఆ మేరకు విలుకాని బలము కలపలోనే లయించినదని యెఱుగునది.

కావడిని భుజమున వేసికొని నడచువానిని చూచినవారికి చారచిగుణము తెలియును. అడుగడుగునకు బద్ద వంగి లేచుచు బరువును తానే మోయుచున్నదా యనిపించును. అంతమాత్రమున విల్లు సిద్ధమైనదని తలపరాదు. కావడి వంగుట బెత్తెడు. నాలుగు మూరల వింటిని చెవివఱకు లాగినపుడు దాని కొనలు తిరుగు మేర అందుకు పలురెట్లు. కావడిపరీక్షలో నెగ్గిన కలప వింటిపరీక్షకు కూర్చుండ నర్హమైనది, అంతే.

ఇంగ్లాండువారి చరిత్ర ఇచ్చట మనకు పాఠము చెప్పగలదు. వారి దీర్ఘచాపము యూ యను చెట్టుతో చేయబడెడిది. దాని లేతకలప సాగుటయందును, చేవ నొక్కుడునోర్చుటయందును దిట్టలు; ఒకే దుంగలో రెండును ప్రకృతియే అతికి యుంచినది. అట్టి చెట్టు స్వదేశమున చాలక, 1472లో నాలుగవ ఎడ్వర్డు శాసనము చేసి, సరకుతెచ్చు ఓడలు టన్నుకు నాలుగు చొప్పున వింటికఱ్ఱలు తేవలెనని విధించెను. 1545లో విలువిద్యపై సంభాషణరూపగ్రంథము వ్రాసిన రోజరు ఆస్కముగారు మనబోటి అధ్యాపకుడే. ఎల్మ్, ఆష్ మొదలగు కలపలు వింటికి అల్పములని తీర్పు చెప్పెను. అదే యేట మునిగి, 1982లో పైకి తీయబడిన మేరీరోజ్ ఓడలో నూటికి మించిన యూ విండ్లు దొరకి ఆయన మాటకు సాక్ష్యము పలికినవి.

ఐనను ఆస్కముగారి తీర్పు సగము సత్యము. డెన్మార్కులో హోల్మెగార్డునొద్ద బయల్పడిన సుమారు 9 వేల యేండ్లనాటి విండ్లు ఎల్మ్‌కఱ్ఱవే! అవి సన్నగా గుండ్రముగా నుండక, వెడల్పుగా పలుచగా నున్నవి. రహస్యము ఆకారములో నున్నది. బద్దవెడల్పును రెండింతలు చేసినచో దాని బలము రెండింతలగును. మందమును రెండింతలు చేసినచో ఎనిమిదింతలగును, కాని వంచునపుడు పైపొరపై బడు శ్రమయు మందముతో పెరుగును. కావున తక్కువ సాగుడుగల కలపను వెడల్పుగా, పలుచగా, పొడవుగా మలచినచో శ్రమ తగ్గి బలము నిలుచును. 1930ల ప్రాంతమున అమెరికాలో హిక్‌మన్, క్లోప్‌స్టెగ్ మున్నగు శాస్త్రజ్ఞులు దీనిని గణితముతో స్థాపించిరి. ‘ఈ కఱ్ఱ తగునా?’ యని మాత్రము అడుగుట అసంపూర్ణప్రశ్న. ‘ఏ యాకారమున తగును?’ అని కూడ అడుగవలెను.

పరీక్షించు విధమును చెప్పెదము. దుంగ నిలువుగా, కొమ్మలులేక, మెలితిరుగక యుండవలెను. పట్టమీది గీతలు మెలిని బయటపెట్టును. వానలు వెనుకబట్టి రసము తగ్గినపుడు నఱికి, కొనలకు మైనమో లక్కయో పూయవలెను. లేనిచో కొనలనుండి పగుళ్లు పట్టును. అటుపిమ్మట ఱంపముతో కోయక, చీలలు కొట్టి నిలువున చీల్చవలెను. ఱంపము పీచును తెంపును, చీల పీచునే అనుసరించును. నీడను నెలలతరబడి ఆరనిచ్చి, రెండుమూరల పొడవును, వ్రేలివెడల్పును, పావంగుళము మందమునుగల బద్దలు తీసి, అదే కొలతగల వెదురుబద్దను ప్రక్కనుంచుకొని రెంటిని కొంచెము కొంచెముగా వంచవలెను. కొంతసేపు వంచియుంచి విడిచిన పిదప నిలిచిన వంపును కొలువవలెను. తుదకు విఱిచి చూడవలెను. పొడుగాటి పేడులుగా చీలి విఱిగినది మేలైనది. ముల్లంగివలె అడ్డముగా తునిగినది పనికిరాదు. ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడుకఱ్ఱను చేతబట్టి చూచినంతనే ఏది బొమ్మకు వచ్చునో చెప్పగలరు. వారి కలప మెత్తనిది, వింటికి కొఱగాదు. వారి చేతిలోని విచక్షణ మాత్రము వింటిపనికిని అవసరమైనదే. అట్టి పనివారిని విడిచి కోశకారుని నమ్ముట న్యాయము కాదు.

మా తీర్పు ఇది: చారచి వింటికి తగిన కలపయే, ఇంగ్లీషువారి సన్నని దీర్ఘచాపముగా గాక, వెడల్పైన చదునువిల్లుగా చేసినచో తగును. కేవలము చారచివింటికంటె, కడుపున చారచిని వీపున వెదురుబద్దను అతికినది మేలగును. సాగుటకు వెదురు, నొక్కుడునకు చారచి. సముద్రతీరపు చెమ్మలో తైలమో లక్కయో పూసి కాపాడవలెను. ఒంటిగా నిలిచినచో వెదురుదే ప్రథమస్థానము, చారచిది ద్వితీయము.

ఈ విచారణ ఇప్పుడెందుకని అడుగవచ్చును. 2022 జూలై 4వ తేదీన భీమవరమున అల్లూరి సీతారామరాజుగారి 30 అడుగుల కంచువిగ్రహము ఆవిష్కృతమైనది, చేత విల్లున్నది. ఆ యేటనే ఏప్రిలులో పాడేరు ముఖ్యస్థానముగా ఆయన పేర జిల్లా యేర్పడెను. విగ్రహమును చూచు బాలురు రంప పితూరీ విల్లమ్ములతోనే జరిగినదనుకొందురు. కాని 1922 ఆగస్టు 22న చింతపల్లియందును, తరువాతి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగులయందును ఠాణాలపై బడుట తుపాకులకొఱకే. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు దొరలు కూలినది తుపాకిగుండ్లకే. ఆ విప్లవమునకు మూలమైన బాధలలో, 1882నాటి మద్రాసు అటవీచట్టము మొదలుకొని వచ్చిన కట్టుబాట్లు ప్రధానములు. తాతతండ్రులు పోడుకొట్టిన కొండయు, వెదురు నఱికిన పొదయు సర్కారుసొత్తైనవి. విల్లు ఒక్కటే పోలేదు. వింటికఱ్ఱను తెచ్చుకొను హక్కు ముందు పోయినది. విగ్రహమునకు దండవేయు మనము ఈ సంగతి పిల్లలకు చెప్పకుండుట చరిత్రకు ద్రోహము.

1972 వన్యప్రాణిసంరక్షణచట్టమువలన వేట నేడు నేరము, అది యుక్తమే. ఇటుకల పండుగవిల్లు ఇక గుఱిపందెములకే నిలువవలెను. దేశమున జరుగు విలువిద్యాపోటీలలో ఇండియన్ రౌండు అను విభాగమున వెదురు, కఱ్ఱవిండ్లే వాడుదురు. కొండబడుల పిల్లలకు వేలరూప్యముల విదేశీ విండ్లు కొనిపెట్టుటకంటె, వారి పెద్దలచేతనే విండ్లు చేయించి నేర్పించుట మొదటిమెట్టు కాగలదు. అందుకు చారచిని నఱుకవలెనా? వలదు. చెట్టు పెరుగుటకు దశాబ్దములు పట్టును. అడవిలో మ్రానును కొట్టుట చట్టవిరుద్ధము. ఈదురుగాలికి కూలిన దుంగలో, అధికారులు వేలము వేయు కలపలో మేలైనది దొరకినచో వింటికడుపునకు వాడుకొనవచ్చును. వెదురు మాట వేఱు. 2006లో పార్లమెంటు చేసిన అటవీహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీఫలసాయములో చేర్చి, దానిని సేకరించి అమ్ముకొను హక్కును అడవిబిడ్డలకు ఇచ్చినది. ఆ హక్కు కాగితముమీదనే యున్న గ్రామములలో ముందు గ్రామసభను పిలిచి పట్టా అడుగవలెను. వెదురు కోయుటకు శరత్కాలము తగినది.